గోదారి గట్టు రాళ్లలో... ఆనాటి లోకం!

వరంగల్ కోట చూడటానికి వెళ్లినవాళ్లు ఏకశిల గుట్టను చూడకుండా రారు. ఒకే రాయిలా నిలబడ్డ ఆ గుట్ట వల్లే ఊరికి ఓరుగల్లు అన్న పేరొచ్చిందంటారు. ఆ బండ మీద ఏళ్ల తరబడి వెతికినా ఒక్క శిలాజం కూడా దొరకదు. అదే అక్కణ్నుంచి బయల్దేరి ములుగు, భూపాలపల్లి ప్రాంతాలు దాటి గోదావరి దాకా వెళ్తే మాత్రం... ఓ సముద్రం, ఓ మంచు లోకం, ఓ చిత్తడి అడవి, చివరికి రాక్షసబల్లులు తిరిగిన నదీతీరం వరసగా ఎదురవుతాయి. అన్నీ రాళ్లలోనే!

మరి ఓరుగల్లు బండలో ఏమీ ఎందుకు లేదు? ఎందుకంటే అది గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కుతకుత ఉడికిన రాతి ద్రవం చల్లారి గట్టిపడితే తయారైన రాయి అది. ఆ వేడిలో ఏ ప్రాణీ బతకదు, ఏ ఎముకా మిగలదు. శిలాజం కావాలంటే నీళ్లు పారాలి, బురద పేరుకోవాలి. అంటే శిలాజాల వేటలో మొదటి పాఠం ఇదే... ముందు రాయిని చదవాలి, ఆ తర్వాతే అందులోని జీవిని!

శిలాజం ఎలా తయారవుతుంది?

చెరువు గట్టున ఓ గొడ్డు చచ్చిపడిందనుకోండి. నక్కలూ రాబందులూ మాంసం తినేస్తాయి. ఎండకీ వానకీ ఎముకలు కూడా పొడిపొడి అయిపోతాయి. నూటికి తొంభైతొమ్మిదిపాళ్లు జరిగేది ఇదే. కానీ ఎప్పుడో ఒకసారి, వెంటనే వరద వచ్చి ఆ కళేబరాన్ని ఒండ్రుమట్టితో కప్పేస్తుంది. గాలి తగలదు కాబట్టి కుళ్లడం నెమ్మదిస్తుంది. దాని మీద మరో వరద, మరో పొర మట్టి. వేల ఏళ్లు గడిచేసరికి కింది మట్టి బిగుసుకుపోయి రాయవుతుంది. భూమిలోని నీటిలో కరిగి ఉన్న సున్నం లాంటి ఖనిజాలు ఎముక సందుల్లోకి ఇంకి అక్కడే గట్టిపడతాయి. ఆకారం ఎముకదే, బరువు మాత్రం రాయిది! అదే శిలాజం.

ఎముకలే కాదు... పన్ను, గవ్వ, ఆకు అచ్చు, కాలిముద్ర, చివరికి పేడ కూడా శిలాజం కావచ్చు. ఒక్కోటీ ఒక్కో రకమైన సాక్ష్యం చెబుతుంది. ఎముక జంతువు ఎలా ఉండేదో చెబితే, పన్ను అదేం తినేదో చెబుతుంది. ఆకు అప్పటి వాతావరణం గురించి చెబుతుంది. వాటి చుట్టూ ఉన్న రాయి, అది నది ఒడ్డో చెరువు అడుగో చెబుతుంది. ఈ సాక్షులన్నింటినీ కలిపి విచారిస్తేనే అసలు కథ బయటికొస్తుంది.

ములుగు దగ్గర సముద్రం

వరంగల్ వాళ్లకి పాకాల అనగానే కాకతీయుల కాలంనాటి చెరువు గుర్తొస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలకి మాత్రం అది ఓ రాళ్ల వరసకు పేరు. బ్రిటిష్‌వారి హయాంలో భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ ఈ లోయంతా కలియదిరిగి 1881లో ఓ పెద్ద గ్రంథం ప్రచురించాడు. పాకాల ప్రాంతపు పురాతన రాళ్లకు ఆ చెరువు పేరే పెట్టాడు. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటికింకా భూమ్మీద చేప లేదు, చెట్టు లేదు, పురుగు కూడా లేదు.

కానీ ఆ వరసకు చెందిన ములుగు ప్రాంతపు సున్నపురాళ్లలో ఓ విచిత్రం ఉంది. ఉల్లిపాయను కోస్తే కనిపించే పొరల్లాంటి గీతలు, ఒకదాని మీద ఒకటిగా పేరుకుపోయి ఉంటాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు జిగురు చాపలా పరచుకుంటే, నీటిలోని సన్నటి రేణువులు దాని మీద అంటుకున్నాయి. వెలుగు కోసం జీవులు మళ్లీ పైకి పాకాయి. మళ్లీ రేణువులు, మళ్లీ చాప. అలా పొర మీద పొర.

ఎండ తగిలితేనే ఆ జీవులు బతుకుతాయి కాబట్టి అక్కడి నీరు లోతులేనిది. సున్నం పేరుకుంది కాబట్టి బురద తక్కువున్న తేట నీరు. అంటే ములుగు అడవుల చోట ఒకప్పుడు లోతులేని సముద్రం ఉండేదన్నమాట! ఇలాంటివి ఈనాటికీ ప్రాణంతో పెరుగుతున్న చోట్లు ప్రపంచంలో అరుదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే వాటిలో ఒకటి. మనం పీల్చే ప్రాణవాయువు గాలిలో చేరడానికి మొదటి కారణం ఇలాంటి సూక్ష్మజీవులే.

మంచు కరిగింది... అడవి మొలిచింది

భూపాలపల్లి చేరేసరికి కథ కోట్ల ఏళ్లు ముందుకు జరుగుతుంది. ఇక్కడి సింగరేణి గనుల నుంచి వచ్చే బొగ్గు సుమారు 28 కోట్ల ఏళ్లనాటి అడవి. గోదావరి లోయలో ఈ బొగ్గున్న రాళ్లకంటే అడుగున మరో పొర ఉంది. అందులో చిన్నా పెద్దా రాళ్లు బురదలో కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. నది మోసుకొస్తే రాళ్లు సైజువారీగా సర్దుకుంటాయి. ఇలా గందరగోళంగా పడేసి పోయేది ఎక్కువగా కదిలే మంచే. అవును, మే నెలలో మాడిపోయే మన గోదావరి లోయ ఒకప్పుడు మంచు కింద ఉండేది! అప్పట్లో మన నేల అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది.

మంచు కరిగాక చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. వాటిలో మొలిచిన చెట్లలో ముఖ్యమైంది గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో నాలుకలాంటి ఫెర్న్ అని ఆ మాటకు అర్థం. నిజానికది ఫెర్న్ కాదు, విత్తనాలు కాసే చెట్టు. మధ్యలో ఈనె, దానికిరువైపులా వల అల్లినట్టు సన్నటి ఈనెలు... చూడటానికి మామిడాకును తలపిస్తుంది. ఈ ఆకుల అచ్చులు బొగ్గుతోపాటు దొరికే పలకరాళ్లలో ఉంటాయి. చాలాచోట్ల ఒక్క ఆకు కాదు, ఆకుల గుట్ట కనిపిస్తుంది. అంటే ఏటా ఓ కాలంలో చెట్లు ఆకులన్నీ రాల్చేసేవన్నమాట. ఆనాటి చెక్కలో కనిపించే వలయాలు కూడా ఎదిగే కాలం, ఆగిపోయే కాలం వేరువేరుగా ఉండేవని చెబుతాయి.

ఈ ఆకే ప్రపంచ పటాన్ని మార్చేసింది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, భారత్... అన్నిచోట్లా అదే ఆకు! 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం ఆకలితో, చలితో మంచులోనే ప్రాణాలు విడిచింది. నడవలేని స్థితిలో కూడా వాళ్లు పారేయకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లు వాళ్ల గుడారం దగ్గర దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చులున్నాయి. మంచు ఖండంలో ఒకప్పుడు అడవి ఉండేదనీ, ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవనీ చెప్పిన బలమైన సాక్ష్యాల్లో అదొకటి. ఆ మహాఖండానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరేంటో తెలుసా? గోండ్వానా. మన గోదావరి తీరంలో నివసించే గోండుల రాజ్యాల మీదుగా వచ్చిన మాటే అది!

కడుపులో దొరికిన కథ

బొగ్గు అడవులు పోయాక ఈ లోయ మరోసారి రూపం మార్చుకుంది. ఆ మార్పు చూడాలంటే గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వెళ్లాలి. అక్కడి మలేరి అనే ఊరి పేరు ప్రపంచవ్యాప్తంగా శిలాజ పరిశోధకులందరికీ తెలుసు. 22 కోట్ల ఏళ్లకు పైబడిన ఎర్రమట్టి రాళ్లకు 'మలేరి' అనే పేరే స్థిరపడింది.

మట్టి ఎర్రగా ఉందంటే అందులోని ఇనుముకు గాలి తగిలి తుప్పులా మారిందని అర్థం. మధ్యమధ్యలో సున్నపు గడ్డలు కనిపిస్తాయి. ఓ కాలంలో నేల తడిసి, మరో కాలంలో బాగా ఎండిపోయేచోట అలాంటివి ఏర్పడతాయి. అంటే అప్పటికే ఇక్కడ వానాకాలం, ఎండాకాలం ఉండేవన్నమాట. మంచినీటి ఆల్చిప్పలు కూడా దొరికాయి కాబట్టి దగ్గర్లో నదులూ మడుగులూ ఉండేవి.

ఇక ఆ మడుగుల్లో ఎవరెవరు ఉండేవారు? వెడల్పాటి తలతో నీళ్లలో పొంచి ఉండే ఉభయచరాలు. గాలి కూడా పీల్చగల ఊపిరితిత్తుల చేపలు. గట్టు మీద పక్షిముక్కులా వంగిన మూతితో మొక్కల్ని కోసుకుతినే రింకోసార్లు. వీటన్నింటికీ గుండెదడ పుట్టించే పారాసుకస్... ఇది అచ్చం మొసలిలా ఉండే సరీసృపం. మొసలి ముక్కు మూతి చివర ఉంటే, దీని ముక్కు రంధ్రాలు కళ్లకు దగ్గరగా ఉండేవి.

పారాసుకస్ ఏం తినేదో ఊహించాల్సిన పని లేకుండా పోయింది. మలేరి రాళ్లలో పూర్తి అస్థిపంజరాలు రెండు బయటపడ్డప్పుడు, వాటి పొట్ట భాగంలో బల్లిలాంటి మరో జంతువు ఎముకలు కనిపించాయి. అది అవి మింగిన ఆహారమేనని వివరిస్తూ శంకర్ ఛటర్జీ 1980లో దానికి మలేరిసారస్ అని పేరుపెట్టారు. తిన్నది, తినబడ్డది... రెండూ ఒకే రాయిలో!

ఇక్కడ దొరికే మరో వింత, రాయిగా మారిన పేడ. కోప్రోలైట్ అంటారు. వాటిలో కొన్ని మర సీలలా మెలితిరిగి ఉంటాయి. పేగు లోపల మెలికల మడత ఉండే చేపల్లాంటి జీవులకే అలా వస్తుంది. ముక్కు మూసుకోవాల్సిన పనిలేదు, వాసన పోయి 22 కోట్ల ఏళ్లయింది!

పెద్దకాళ్ల జంతువు

మరో నాలుగైదు కోట్ల ఏళ్లు గడిచాయి. జురాసిక్ యుగం వచ్చింది. ఈసారి ప్రాణహిత ఒడ్డుకు వెళ్లాలి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది కదా, ఆ అవతలి ఒడ్డే మహారాష్ట్రలోని సిరొంచ. పేరుకు మహారాష్ట్రే కానీ అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. సిరొంచకు ఉత్తరంగా ప్రాణహిత గట్టున కోట అనే ఊరుంది. జురాసిక్ నాటి ఈ రాళ్లకు ఆ ఊరిపేరే పెట్టారు.

1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ అధిపతి మహలనోబిస్, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను ఆహ్వానించారు. లెక్కల సంస్థకి ఎముకలతో పనేంటని ఆశ్చర్యపోకండి. అక్కడ మొదలైన చిన్న భూగర్భ విభాగమే గోదావరి లోయను ప్రపంచానికి పరిచయం చేసింది. సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి దగ్గర (పట్టుచీరల పోచంపల్లి కాదు) దాదాపు ఐదున్నర అడుగుల తొడ ఎముక దొరికింది. 1961లో అక్కడ పెద్ద తవ్వకం జరిగింది. అది విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకే 1975లో ఆ రాక్షసబల్లికి బరపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. బరపా అంటే పెద్ద కాలు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఆ సంస్థ మ్యూజియంలో ఉంది.

ఆరు జంతువుల ఎముకలు, దాదాపు 300 దొరికాయి. వాటి మధ్య రాయిగా మారిన పెద్దపెద్ద చెట్ల మొద్దులూ ఉన్నాయి. కానీ తల మాత్రం ఒక్కటీ లేదు, పళ్లు తప్ప! ఈ మూడు విషయాలూ కలిపి చూడండి. ఓ మంద, కూలిన చెట్లు, మాయమైన తలలు. పెద్ద వరద వచ్చి చెట్లనూ జంతువులనూ ఒక్కచోటికి ఈడ్చుకొచ్చి ఉండొచ్చని శాస్త్రవేత్తల అంచనా. పుర్రె ఎముకలు పల్చగా, తేలిగ్గా ఉంటాయి కాబట్టి తొందరగా విడిపోయి కొట్టుకుపోతాయి. బరువైన కాళ్లూ వెన్నుపూసలూ మిగిలిపోతాయి.

దీని దగ్గరి చుట్టం మన రాష్ట్రంలోనే దొరికింది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే సంస్థ తవ్వకాల్లో కనీసం 12 జంతువుల ఎముకలు బయటపడ్డాయి. 1988లో పి.యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. కోట పేరూ యామన్‌పల్లి పేరూ కలిసొచ్చేలా అన్నమాట. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో మెడ చాచి నిలబడ్డది అదే. పిల్లలతో వెళ్లినప్పుడు అది ఎక్కడో అమెరికాది కాదనీ, మన గోదావరి నీళ్లు తాగిన ఊళ్లదేననీ చెప్పండి.

పెద్దవే గొప్పవనుకుంటే పొరపాటు. కోట రాళ్లలోనే మెరిసే పొలుసులతో సహా చేపలు చెక్కుచెదరకుండా దొరికాయి. అంటే ఆ నీళ్లు అలజడి లేకుండా నిలకడగా ఉండేవని అర్థం. 1981లో పి.ఎం.దత్తా అక్కడే దొరికిన ఓ బుల్లి పంటిని పరిశీలించి, అది ఎలుకంత క్షీరదానిదని తేల్చారు. మన దేశంలో దొరికిన మొదటి జురాసిక్ క్షీరదం అదే. కోటథీరియం హాల్డేనై అని పేరుపెట్టారు. రాక్షసబల్లుల కాళ్ల సందుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిన ఆ చిన్న జీవుల తెగకే మనమూ చెందుతాం!

చోటు మారితే మాట పోతుంది

ఇప్పుడు ఓ చిన్న ప్రశ్న. పారాసుకస్‌ను తవ్వినవాళ్లు మంచి ఎముకలు ఏరుకుని, పొట్ట దగ్గరున్న ముక్కల్ని చెత్త అనుకుని వదిలేసి ఉంటే? ఎవరో బరపాసారస్ తొడ ఎముకను ముందే ఎత్తుకుపోయి షోకేసులో పెట్టుకుని ఉంటే? పక్కనే చెట్ల మొద్దులున్నాయని ఎవరికీ తెలిసేది కాదు. వరద కథ ఎవరూ చెప్పేవారు కాదు. శిలాజం తనున్న చోటుతో కలిసే మాట్లాడుతుంది. అక్కణ్నుంచి కదిలిస్తే అందమైన రాయి మిగులుతుందంతే.

దీనికి తాజా ఉదాహరణ ఉంది. గణాంక సంస్థకే చెందిన టి.ఎస్.కుట్టి 1980ల్లో అన్నారం అనే ఊరి దగ్గర మలేరి పైపొరల్లో కొన్ని ఎముకలు సేకరించారు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 2025లో అర్జెంటీనాకు చెందిన మార్టిన్ ఎజ్కుర్రా బృందం అది మాంసాహార డైనోసార్లలో ఓ కొత్త జాతి అని తేల్చి మలేరీరాప్టర్ కుట్టీ అని పేరుపెట్టింది. ఏ ఊరి దగ్గర, ఏ పొరలో దొరికిందో ఆనాడే రాసి పెట్టుకోబట్టే ఇన్నేళ్ల తర్వాత ఆ ఎముకలకు నోరొచ్చింది.

కానీ అన్ని శిలాజాలకూ అంత అదృష్టం ఉండదు. వానకు బయటపడ్డ ఎముక రెండు మూడేళ్లు ఎండావానలు తగిలితే పొడైపోతుంది. తెలియక పగలగొట్టేవాళ్లూ, తెలిసే అమ్ముకునేవాళ్లూ ఉంటారు. రాయిచెట్ల శిలాజాలున్న తమిళనాడులోని తిరువక్కరైని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించి కాపాడుతున్నారు. సిరొంచ దగ్గర వడదంలో శిలాజాల పార్కు ఉంది. ఇలాంటి చోట్లన్నింటికీ చట్టపరమైన రక్షణ కల్పించేందుకు కేంద్రం 2022 డిసెంబరులో ఓ ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. గుళ్లనూ కోటలనూ మళ్లీ కట్టొచ్చేమో కానీ పగిలిన శిలాజాన్ని ఎవరూ మళ్లీ చేయలేరు.

దొరికితే ఏం చేయాలి?

గోదావరి, ప్రాణహిత తీరాలకు వెళ్లినప్పుడు ఎముకలాంటి రాయో, ఆకు అచ్చో కనిపిస్తే తవ్వకండి, ఇంటికి తీసుకురాకండి. పక్కన ఓ పెన్నో నాణెమో పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది. ఊరి పేరు, దగ్గర్లోని గుర్తు, తేదీ రాసుకోండి. రాయి రంగేమిటి, మట్టిలో ఉందా ఇసుకరాయిలో ఉందా అన్నది కూడా రాయండి. ఆ కాగితాన్ని సైన్సు మాస్టారికి చూపించి, హైదరాబాద్ బండ్లగూడలో ఉన్న భూగర్భ సర్వే సంస్థ కార్యాలయానికి ఉత్తరం రాయించండి.

ఇంట్లోనే ఓ శిలాజం!

ఒండ్రుమట్టిని రొట్టెపిండిలా మెత్తగా కలిపి చిన్న పళ్లెంలో పరవండి. రావి ఆకును ఈనెలు కిందికి వచ్చేలా దాని మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి, మెల్లగా తీసేయండి. ఆ అచ్చులో చిక్కగా కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి గంటసేపు వదిలేయండి. గట్టిపడ్డాక మట్టి వదిలించి చూస్తే ఆకు ఈనెలతో సహా వచ్చేస్తుంది. ఇప్పుడు దాన్ని తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి, ఈ చెట్టు ఎలాంటి చోట పెరిగి ఉంటుందో చెప్పమనండి. 'అక్కా, ఇది ఎక్కడ దొరికింది?' అని ముందుగా అడిగారంటే... ఇంట్లో ఓ శాస్త్రవేత్త తయారవుతున్నట్టే!